నైట్ డ్యూటీలో రాసిన నవల

నా మొదటి నవలలో ఏ అధ్యాయమూ నాలుగైదు పేజీలు దాటదు. చదివినవాళ్ళలో కొందరు అది నేను కావాలని ఎంచుకున్న పద్ధతి అనుకున్నారు, తెనాలి నుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాసి మరీ మెచ్చుకున్నారు. నిజానికి నాకు రాసుకోవడానికి దొరికిన టైమే అంత. అప్పట్లో నేను టెలిఫోన్ ఆపరేటర్ని. వేరే ఊళ్ళకి కాల్స్ కలిపే ట్రంక్ బోర్డు మీద నైట్ డ్యూటీ పడితే రాత్రి ఒంటిగంట దాటాక కాల్స్ పల్చబడతాయి, మళ్ళీ తెల్లారగట్ల నాలుగున్నర, అయిదు నుంచి మొదలవుతాయి. ఆ మధ్యలో, సూపర్‌వైజర్ మేడం కూడా కుర్చీలో వెనక్కి వాలే వేళ, హెడ్‌సెట్ మెడ మీదే ఉంచుకుని ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసేదాన్ని. బోర్డు మీద దీపం వెలిగితే పెన్ను పక్కన పెట్టి ప్లగ్గు గుచ్చడం, ఆ కాల్ అయ్యాక మళ్ళీ వాక్యంలోకి రావడం. ఒక్కోసారి వదిలిన వాక్యమే దొరికేది, ఒక్కోసారి వేరేది వచ్చేది, చాలాసార్లు ఆ రెండోదే బాగుండేది.

ఈ మధ్య ఆ నవలని మళ్ళీ మొదటినుంచీ టైపు చేసుకుంటున్నాను. ఎందుకో కింద చెప్తాను. అలా చేస్తుంటే ఏ పేజీ ఏ రోజుల్లో రాశానో, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో అన్నీ గుర్తొస్తున్నాయి, అందుకే ఇది రాయబుద్ధయింది.

1986లో విజయవాడలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. అప్పటికి బీఎస్‌ఎన్‌ఎల్ లేదు, అది 2000 అక్టోబర్ 1న వచ్చింది. మాది టెలికం డిపార్ట్‌మెంట్, జనం నోట్లో మాత్రం 'టెలిఫోన్సు'. ఆపరేటర్ లేకుండా నేరుగా నంబరు తిప్పి వేరే ఊరికి మాట్లాడే ఎస్టీడీ ఉన్న ఊళ్ళు అప్పట్లో కొన్నే. మిగతా ఊళ్ళకి మాట్లాడాలంటే 180కి ఫోన్ చేసి ట్రంక్ కాల్ బుక్ చేసుకుని, కాల్ కలిసేదాకా ఫోను పక్కన కాపలా ఉండాల్సిందే. ఆర్డినరీ కాల్ అయితే ఎంతసేపు పడుతుందో దేవుడికే తెలియాలి, తొందరగా కావాలంటే అర్జంటు, దానికి రెట్టింపు ఛార్జి, ఇంకా తొందరైతే లైట్నింగ్, దానికి ఎనిమిది రెట్లు. లైట్నింగ్ కాల్ బుక్ అయిందంటే మా అందరి ముఖాలూ అటు తిరిగేవి, ఎందుకంటే అంత డబ్బు పెట్టి మాట్లాడేది చాలావరకు చావు కబురో, ఆస్పత్రి కబురో.

నాకు నవల దొరికింది మాత్రం లైట్నింగ్ కాల్స్‌లో కాదు, పీపీ కాల్స్‌లో. పీపీ అంటే ఫలానా మనిషే వచ్చి మాట్లాడాలని బుక్ చేసుకునే కాల్. దివిసీమలోనో కొల్లేటి పక్కనో ఏదో ఊరు, ఊరంతటికీ ఫోను పోస్టాఫీసులోనే. అక్కడికి కలిపి పేరు చెప్తే, "మనిషిని పంపుతున్నామమ్మా, అరగంట ఆగి చెయ్యండి" అనేవాళ్ళు. అరగంట తర్వాత మళ్ళీ కలిపితే ముందు మాట వినపడదు, ఆయాసం వినపడుతుంది. చేలోంచో, చెరువు దగ్గర్నించో పరుగెత్తుకొచ్చిన మనిషి, ఏం కబురో తెలియదు, ఫోను ఏ చివర చెవికి పెట్టుకోవాలో కూడా ఒక్కోసారి తెలియదు. ఆ రెండు మూడు క్షణాలు ఆ ఆయాసం తప్ప లైన్లో ఏమీ ఉండదు. తర్వాత "హలో" అంటారు, అప్పుడు మేం కాల్ కలిపి పక్కకి తప్పుకోవాలి. మూడు నిమిషాలు కాగానే మళ్ళీ లైన్లోకి వచ్చి "త్రీ మినిట్స్ అయింది, పొడిగించమంటారా?" అని అడగాలి. ఎంత ఏడుపు మధ్యలో అయినా అడగాల్సిందే, అది డ్యూటీ.

లైన్లో విన్నది బయట చెప్పడం నేరం, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కిందికి వస్తుందని చేరిన కొత్తలోనే మాకు చెప్పారు. నేను దాన్ని ఉద్యోగం కోసం మాత్రమే పాటించలేదు. ఎవరి మాటా నా నవలలో లేదు, ఎవరి కష్టమూ లేదు. ఆ ఆయాసం ఉంది. మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకోవడం ఉంది. కాల్ అయిపోయాక కూడా ఫోను పెట్టకుండా నిలబడిపోయిన మనుషులు ఉన్నారు, అది మాకు బోర్డు మీద దీపం చూస్తే తెలిసిపోయేది, అవతల వాళ్ళు పెట్టేశారు, ఇవతల వాళ్ళు ఇంకా పెట్టలేదు అని. ఆ ఒక్క సంగతి మీద నాకు నవల రాయాలనిపించింది.

అప్పట్లో మేం సత్యనారాయణపురంలో అద్దెకి ఉండేవాళ్ళం, రైలు పట్టాల పక్క వీధిలో. ఇప్పుడు ఆ పట్టాలు లేవు, వాటి జాగాలోనే బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. మా ఆయన వన్‌టౌన్ వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా. కొట్లో చెల్లిపోయిన బిల్లు పుస్తకాలు, ఒకవైపు ఖాళీగా ఉండేవి, సంచిలో వేసుకుని తెచ్చేవారు. నా చిత్తు ప్రతి మొత్తం వాటి వెనక రాసిందే. ఇటు తిప్పితే నా నవల, అటు తిప్పితే పాప్లిన్ ఇన్ని తాన్లు, లంగా గుడ్డ ఇన్ని మీటర్లు, గుడివాడ పార్టీ బాకీ ఇంత. ఆయన నవలలు చదివే మనిషి కాదు. కానీ కాగితాలు అయిపోయాయని నేను అడిగిన సందర్భం ఒక్కటీ లేదు, అడక్కముందే తెచ్చి బీరువా మీద పెట్టేవారు.

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మున్సిపాలిటీ కుళాయి వచ్చే టైము. బిందెలు పట్టి, పాపకి జడ వేసి, క్యారేజీ కట్టి, అందరూ వెళ్ళాక పడుకుంటే మధ్యాహ్నం లేచి ఫెయిర్ చేసుకునేదాన్ని. పాప బడి నుంచి వచ్చి తలుపు కొట్టకుండా మా అత్తయ్యగారు వీధరుగు మీద కాపు కాసేవారు. ఆవిడకి చదువు రాదు. రాత్రి అన్నాలయ్యాక, డ్యూటీ లేని రోజున, రాసింది చదివి వినిపించమనేవారు. కళ్ళు మూసుకుని వినేవారు, నిద్రపోయారేమో అనుకుని ఆపితే, "ఆపావేం అమ్మాయ్, ఆ పోస్టాఫీసు దగ్గర పిల్ల ఏమైంది?" అనేవారు. నా కథలో ఎక్కడ సాగదీశానో ఆవిడ విసనకర్ర చెప్పేది. కథ నడుస్తుంటే విసురుకోవడం ఆగిపోయేది, నడవకపోతే మళ్ళీ మొదలయ్యేది. ఆవిడ విసిరిన చోటల్లా మర్నాడు పెన్సిల్‌తో గీత పెట్టుకునేదాన్ని.

ఇక పంపడం. విజయవాడ అప్పుడు పత్రికల ఊరు, స్వాతి ఇక్కణ్ణుంచే, ఆంధ్రజ్యోతి కూడా అప్పుడు ఇక్కణ్ణుంచే. హైదరాబాదు నుంచి చతుర వచ్చేది, 1978లో మొదలైంది, నెలకో పూర్తి నవల. సీరియల్‌గా పడటానికి పేరున్న రచయితలే వరసలో ఉంటారు కాబట్టి, నాలాంటి పేరు లేనివాళ్ళకి ఆశ అంటూ ఉంటే చతురో, పండగలకి పెట్టే నవలల పోటీలో. పోటీ ప్రకటనల్లో రూల్సు ఇప్పటికీ నోటికి వచ్చు: కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిన్ వదలాలి, రచన సొంతమేనని, అనువాదమో అనుసరణో కాదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జత చెయ్యాలి, తిరిగి కావాలనుకుంటే తగిన స్టాంపులు అతికించి సొంత చిరునామా రాసిన కవరు పెట్టాలి. నవల అంటే అరఠావుల కట్ట, దాన్ని తిప్పి పంపడానికి స్టాంపులంటే మాటలా? జెరాక్స్ తీయించడం అంతకంటే ఖర్చు, అందుకని చాలా ఏళ్ళు ఒక్కటే ఫెయిర్ ప్రతి ఊళ్ళు తిరిగింది. పోస్ట్‌మన్ వీధి మొదట్లో ఉండగానే నాకు తెలిసిపోయేది, ఎందుకంటే ఆయన చేతిలో ఉన్న కవరు మీద అడ్రసు నా చేతిరాతే.

అలా తిరిగొచ్చినప్పుడల్లా మొదటి పేజీ, చివరి పేజీ మళ్ళీ రాసేదాన్ని. మధ్య పేజీలు నలగవు, ఆ రెండే నలుగుతాయి. నలిగిన ప్రతి పంపితే ఇంకో చోట కాదన్న నవల అని తెలిసిపోతుంది కదా. ఆ పని మాత్రం డ్యూటీలో చేసేదాన్ని కాదు, ఇంట్లో బల్ల మీద, మంచి పెన్నుతో.

నవల ఇలా తిరుగుతుండగానే కథలు రాసేదాన్ని. ఒకటీ అరా పడ్డాయి. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో నా కథ నేనే చదివాను, పున్నమ్మతోటలో, స్టూడియోలో ఎర్రలైటు వెలిగాక కాగితం తిప్పిన చప్పుడు రాకూడదని ఏ పేజీకి ఆ పేజీ విడిగా పట్టుకోమన్నారు. శుద్ధ సాహిత్యానికి మాకు పర్మిషన్ అక్కర్లేదని రూల్స్‌లోనే ఉంది, అయినా ఆఫీసులో ఒక కాగితం పెట్టి వెళ్ళాను. ఆ సాయంత్రం ఎక్స్ఛేంజి రెస్ట్‌రూంలో ట్రాన్సిస్టర్ పెట్టుకుని డ్యూటీలో లేనివాళ్ళంతా విన్నారట. డ్యూటీలో ఉన్నవాళ్ళు కూడా వంతులు వేసుకుని ఒక్కో నిమిషం వచ్చి విని వెళ్ళారని తర్వాత చెప్పారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

నా నవలని మార్చింది ఒక పోస్టుకార్డు. ఒక వారపత్రికలో ఎడిటోరియల్‌లో పనిచేసే ఆయన, నవల తిప్పి పంపుతూ, ఆఫీసు అచ్చు స్లిప్పుతో ఊరుకోకుండా విడిగా కార్డు రాశారు. ఎక్స్ఛేంజి భాగాలు చదువుతుంటే నిద్ర పట్టలేదు, పెళ్ళి గొడవ, ఆస్తి గొడవ మాత్రం ఎవరైనా రాస్తారు, అవి తీసేసి చూడండి అని. అప్పటికి నా నవలలో ముప్పాతిక భాగం పెళ్ళి గొడవ, ఆస్తి గొడవే. ఆ రోజుల్లో నవలంటే అవి ఉండాలని అందరిలాగే నేనూ నమ్మాను. కార్డు చదివి రెండు రోజులు అన్నం సయించలేదు, మూడో రోజు నుంచి తీసెయ్యడం మొదలుపెట్టాను. తీసేశాక మిగిలింది చాలా కొంచెం, అయితే ఆ మిగిలిన దాన్ని ఎటు పట్టుకుని లాగినా కదిలింది. ఆయన్ని నేను చూడలేదు. కార్డు మాత్రం దాచాను.

ఈలోగా ఎస్టీడీ బూత్‌లు వీధికొకటి వచ్చాయి, రాత్రి పదకొండు తర్వాత ఛార్జీలు తగ్గుతాయని జనం బూత్‌ల ముందు లైను కట్టేవాళ్ళు, మా బోర్డు మీద దీపాలు తగ్గుతూ వచ్చాయి. నాకు రాత్రిళ్ళు రాసుకోవడానికి ఎక్కువ టైం దొరకడం మొదలైన రోజులే మా పని అయిపోతున్న రోజులు కూడా. ఆ సంగతి మేం పైకి అనుకునేవాళ్ళం కాదు. తర్వాత నన్ను బిల్లుల కౌంటర్‌కి మార్చారు. నైట్ డ్యూటీ పోయింది. సెల్ ఫోన్లు వచ్చాయి, 2006లో దేశమంతా నిమిషానికి రూపాయి అన్నారు, 2013 జులై 14న ఆఖరి టెలిగ్రాములు వెళ్ళాయి, ఆ రోజు వాళ్ళకి వాళ్ళే టెలిగ్రాం ఇచ్చుకోవడానికి కాలేజీ పిల్లలు బారులు తీరారు. నేను రాసుకున్న ప్రపంచం నేను రాస్తుండగానే పాతబడింది. ఆ ఆఖరి టెలిగ్రాములకి ముందే, 2008లోనే, ఇక పత్రికల కోసం చూస్తూ కూచుంటే లాభం లేదని, ఆఫీసు చీటీ పాడుకుని సొంతంగా వేసుకుందామని నిర్ణయించుకున్నాం.

గవర్నర్‌పేటలో ఒక మేడ మీద డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టేవాళ్ళు. నా రాతప్రతి కొట్టిన అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, పేజీకి ఇంత అని కూలి, రోజుకి ఇన్ని పేజీలని లెక్క. ఫోన్ల కంపెనీలో పనిచేసే మేడం నవల అంటే మొదట్లో పట్టించుకోలేదు. వారం తర్వాత ప్రూఫులు తీసుకోవడానికి వెళ్తే, కుర్చీ తిప్పి, "మేడం, ఆయన మళ్ళీ కాల్ బుక్ చేస్తాడా?" అంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత అర్థమై అక్కడే స్టూలు మీద కూచుండిపోయాను. పత్రికల వాళ్ళని పక్కన పెడితే, అచ్చుకి ముందే నన్ను చదివిన, నాకు చుట్టం కాని మొదటి మనిషి ఆ అమ్మాయి. ఆ రాత్రి తను ఇంటికి పట్టుకెళ్ళి మిగతా కాగితాలు చదివేసిందట, కొట్టడానికి కాదు, ఏమవుతుందో చూడటానికి. వత్తులు పక్కకి జరిగిపోయిన చోట్లు, పొల్లులు ఎగిరిపోయిన చోట్లు నాకంటే ముందు తనే పట్టుకుంది.

పేజీలు పెట్టాక 197 వచ్చాయి. ఫారం అంటే అచ్చేసి మడత పెట్టే పెద్ద కాగితం. డెమీ సైజులో ఫారానికి పదహారు పేజీలు, పన్నెండు ఫారాలంటే 192. ప్రెస్సు ఆయన, "అయిదు పేజీల కోసం ఇంకో ఫారం ఎందుకమ్మా, బోలెడు కాగితం దండగ, ఎక్కడైనా కుదించండి" అన్నారు. ఫాంటు తగ్గిస్తే కళ్ళు లాగుతాయి. అత్తయ్యగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు, ఆవిడ విసనకర్ర ఉంటే ఏది తియ్యాలో చెప్పేది. చివరికి సరిగ్గా అయిదు పేజీలున్న ఒక అధ్యాయం మొత్తం తీసేశాను. పోస్టాఫీసు నుంచి మనిషిని పిలవడానికి పంపే కుర్రాడి మీద రాసింది అది. ఎండలో చేలగట్ల వెంట వెళ్తూ, కబురు మంచిదో చెడ్డదో తెలియక, ఆ ఇంటివాళ్ళకి ముఖం ఎలా పెట్టుకుని చెప్పాలో సాధన చేసుకుంటూ నడిచే కుర్రాడు. అది తీస్తే కథ ఎక్కడా తెగదు, అందుకనే తీయగలిగాను.

500 కాపీలు వేశాం. వెల 75 రూపాయలు. షాపులకి ఇస్తే దాదాపు సగం కమిషన్, అదీ అమ్ముడయ్యాకే డబ్బులు, ఆ డబ్బుల కోసం మళ్ళీ మనం తిరగాలి. పుస్తకాలు అమ్ముకోవడం రాయడం కంటే పెద్ద ఉద్యోగమని అప్పుడు తెలిసింది, మా ఆయనకి మాత్రం అది చేతిలో పని, తాన్లు అమ్మిన మనిషి కదా. ఏ కొట్లో ఎన్ని ఇచ్చాం, ఎన్ని పోయాయి, ఎంత రావాలి, అన్నీ ఎర్ర అట్ట పుస్తకంలో జమాఖర్చుల్లాగా రాశారు.

2009 జనవరిలో స్వరాజ్ మైదానంలో పుస్తక మహోత్సవం. 1989లో మొదలై, అప్పట్లో ఏటా జనవరి ఒకటో తారీఖున తెరిచి పదకొండు రోజులు జరిగే ఆ సంబరం మా ఊరివాళ్ళకి సంక్రాంతికి ముందు సంక్రాంతి. ఇప్పుడు ఆ మైదానంలో అంబేడ్కర్ స్మృతివనం కట్టారు. తెలిసిన పబ్లిషర్ ఒకాయన తన స్టాల్లో ఒక మూల నా పుస్తకాలు పెట్టుకోనిచ్చారు. కౌంటర్ డ్యూటీ అయిపోగానే వెళ్ళి అక్కడ నిలబడేదాన్ని. జనం మంచి రద్దీ, నా మూలకి వచ్చేవాళ్ళు తక్కువ. ఒక సాయంత్రం ఎవరో పుస్తకం ధర అడిగితే చెప్తున్నాను, పక్కన వంట పుస్తకాలు చూస్తున్న ఒకావిడ గబుక్కున తలెత్తి నా ముఖంలోకి చూసి, "మీరు విజయవాడా?" అంది. విజయవాడలో నిలబడి విజయవాడా అంటుందేమిటని నేను చూస్తుంటే, "నేను గుంటూరు" అంది. అంతే, నాకు ఒళ్ళు జలదరించింది.

మేం ఆపరేటర్లం ఒకళ్ళనొకళ్ళం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం. "గుంటూరు, తెనాలి లైన్ దొరుకుతుందా?" "ఏలూరు, నా పీపీ ఏమైంది?" అని. రాత్రిళ్ళు లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు పిల్లల జ్వరాల దగ్గర్నించి అత్తగార్ల దాకా చెప్పుకున్నాం, ముఖాలు మాత్రం ఏనాడూ చూసుకోలేదు. అన్నేళ్ళ తర్వాత నా గొంతు విని గుర్తుపట్టింది. అక్కడ జనం మధ్యలో ఇద్దరం చేతులు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డామో. ఆవిడ ఒక కాపీ కొనుక్కుంది, ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. నెల తర్వాత ఫోన్ చేసి, "మన గురించి ఇలా రాయొచ్చని నాకు తెలియదు విజయవాడా" అంది. నాకు అచ్చయిన సమీక్షలు రెండు మూడు ఉన్నాయి, బాగానే రాశారు, కానీ నేను మొదట గుర్తు చేసుకునేది ఇదే.

తర్వాతి ఏళ్ళ గురించి ఎక్కువ చెప్పను. రెండో నవల మొదలుపెట్టాను, వస్త్రలత గుమాస్తాల మీద, మా ఆయన పక్కన కూచుని తాను మడత ఎలా పడుతుందో, అసలు ధర కొన్నవాడికి తెలియకుండా గుమాస్తాలు ఎలా మాట్లాడుకుంటారో చెప్తుంటే. పాప పెళ్ళి, పాయకాపురం వైపు చిన్న ఇల్లు, లోను, ఇలాంటివాటి మధ్య అది నెలలకి నెలలు ఆగిపోయేది. 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్‌లో వీఆర్‌ఎస్, అంటే స్వచ్ఛంద విరమణ, తీసుకున్నాను. దేశం మొత్తం మీద 78 వేల మందికి పైగా ఒకే రోజు ఇళ్ళకి వెళ్ళాం. ఇక పొద్దస్తమానూ రాసుకోవచ్చు అన్నారు అందరూ, నేనూ అదే అనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్. ఇంట్లో టైమే టైము. ఒక్క పేజీ కదల్లేదు. పొద్దున్నే స్నానం చేసి బల్ల ముందు కూచుంటే ఎదురుగా సాయంత్రం దాకా ఖాళీ, ఆ ఖాళీని చూస్తేనే భయం వేసేది. ఆ ఏడాదే కొన్ని వారపత్రికలు ఆగిపోయాయి, 2021లో విపుల, చతుర కూడా ఆపేశారు. నెలకో నవల వేసిన పత్రిక లేకపోతే మొదటి నవల రాసిన పిల్ల ఎక్కడికి పంపుకుంటుందని చాలా రోజులు బాధపడ్డాను.

రాత మళ్ళీ మొదలైంది మనవరాలు పుట్టాక. పాపకి ఉద్యోగం, పిల్ల నా దగ్గరే. అది నిద్రపోతే ముప్పావు గంట, మహా అయితే గంట. ఉయ్యాల ఊపుతూ ఒక చేత్తో ఫోన్లో రాసేదాన్ని. ఎప్పుడు లేస్తుందో తెలియదు కాబట్టి అనవసరమైన వాక్యం రాయబుద్ధి కాదు, ఏం జరగాలో నేరుగా అదే వస్తుంది. నా చెయ్యి అలాగే అలవాటు పడింది, ఎవరో ఒకరు ఏ క్షణాన్నైనా పిలుస్తారని తెలిస్తేనే కదులుతుంది. గుమాస్తాల నవల అలా పూర్తయింది. దాని అధ్యాయాలు మొదటి నవలకంటే ఇంకా చిన్నవి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు కట్టకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం అంతా మునిగిన సంగతి అందరూ టీవీల్లో చూశారు. మేం పిల్లని ఎత్తుకుని పైవాటా వాళ్ళింటికి వెళ్ళిపోయాం, కింద గుండెల లోతు నీళ్ళు. కరెంటు లేదు, పడవల మీద, డ్రోన్ల మీద అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు వచ్చేవి. నీళ్ళు తీశాక దిగి చూస్తే మంచం కింద అట్టపెట్టెల్లో పెట్టిన నా నవల కాపీలు ఉబ్బిపోయి, పెట్టెలు చీల్చుకుని, ఒకదానికొకటి కరుచుకుపోయి ఉన్నాయి. ఒక్కటి విడదీయబోతే పేజీ కాదు, ముద్ద వచ్చింది. బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, బియ్యం బస్తాతోపాటే అవి కూడా వీధిలో పడేశాం. మా ఆయన మాత్రం ఎర్ర అట్ట లెక్కల పుస్తకం ఆరబెడితే వస్తుందేమోనని నాలుగు రోజులు డాబా మీద తిప్పితిప్పి ఎండబెట్టారు. రాలేదు.

నా సొంత కాపీ కూడా ఆ పెట్టెల్లోనే ఉంది. డీటీపీ సెంటర్ మూసేసి చాలా ఏళ్ళయింది, వాళ్ళిచ్చిన సీడీ ఏ డ్రైవ్‌లోనూ తెరుచుకోదు, తెరుచుకున్నా అది పాత అను ఫాంటు, ఇప్పటి ఫోన్లు చదివే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అప్పుడు గుంటూరుకి ఫోన్ చేశాను. మర్నాడే కొరియర్ చేసింది. 75 రూపాయలు పెట్టి ఆ రోజు కొనుక్కున్న కాపీ, మార్జిన్లలో పెన్సిల్‌తో చిన్న చిన్న టిక్కులు, ఒకచోట 'ఆ రాత్రి నేనే' అని రాసి ఉంది. ఏ రాత్రో నేను అడగలేదు.

ఆ పుస్తకం చూసుకుంటూ ఇప్పుడు నవల మొత్తం ఫోన్‌కి చదివి వినిపిస్తున్నాను, అది టైపు చేస్తుంది. మాకు ట్రైనింగ్‌లో ప్రతి అంకె, ప్రతి ఊరి పేరు విడదీసి పలకడం నేర్పారు, అందుకేనేమో తప్పులు చాలా తక్కువ పడుతున్నాయి. పాప వింటూ, "అమ్మా, నువ్వు చదువుతుంటే డ్యూటీలో ఉన్నట్టే ఉంది" అంటుంది. చిత్తు ప్రతి అటక మీద ఉండబట్టి బతికింది, బిల్లు కాగితాల కట్టలన్నీ అలాగే ఉన్నాయి. వాటిలోంచి కుర్రాడి అధ్యాయం తీశాను. ఇప్పుడు కావలసినన్ని కాపీలే వేయించుకునే డిజిటల్ ప్రింటింగ్ వచ్చింది, ఫారాల లెక్కకి లొంగనక్కర్లేదు, అందుకని ఆ అయిదు పేజీలూ వాటి చోట అవి పెట్టేశాను. గుమాస్తాల నవలని ఈ ఏడాది ఒక పోటీకి పంపుతున్నాను. ఇప్పుడు పోస్టాఫీసు పని లేదు, పీడీఎఫ్ మెయిల్ చేస్తే చాలు, హామీపత్రం మాత్రం ఇంకా అడుగుతున్నారు. అది చేత్తోనే రాసి, ఫోటో తీసి జత చేశాను.

మూడో పుస్తకం ఒకటి పెట్టుకున్నాను, అది నవల కాదు. ట్రంక్ ఎక్స్ఛేంజిల్లో మేం ఎలా పనిచేశామో, ఎలా మాట్లాడుకున్నామో, స్ప్లిట్ డ్యూటీల మధ్య ఇంటికెళ్ళి ఎలా వంట చేసి వచ్చామో, తుపాను రాత్రుల్లో లైన్లు పోతే ఏం చేశామో, పేర్లు లేకుండా, ఎవరి రహస్యమూ బయటపెట్టకుండా రాసి ఉంచాలని. నా ఒక్కదాని జ్ఞాపకం చాలదు. మీలో ఎవరైనా, లేదా మీ అమ్మగారో పిన్నిగారో, బందరులోనో, ఏలూరులోనో, ఒంగోలులోనో, రాజమండ్రిలోనో, వరంగల్లులోనో ఆ బోర్డుల మీద కూచున్నవాళ్ళుంటే నాకు రాయండి. పెద్దవాళ్ళకి టైపు చెయ్యడం కష్టమైతే వాయిస్ మెసేజ్ చాలు. ముందు ఊరి పేరు చెప్పండి, మాకు అదే అలవాటు.